కారిన బ్యాటరీ, నల్లబడిన తీగ: 1977 నాటి ‘ఎయిట్ బాల్’ పిన్‌బాల్ యంత్రం మరమ్మతుపై ఒక కేస్ స్టడీ

షికాగోకు పడమటి శివారైన అరోరాలో పాత ఇల్లు కొనుక్కున్న ఒక తెలుగు కుటుంబానికి, ఇంటితో పాటు బేస్‌మెంట్‌లో ఒక పిన్‌బాల్ యంత్రం (ఉక్కు బంతిని వాలు బల్ల మీద ఫ్లిప్పర్లనే చిన్న రెక్కలతో కొడుతూ స్కోరు పెంచుకునే ఆట) కూడా దక్కింది. క్వింటాలుకు పైబడిన ఆ బరువును మెట్ల మీదుగా పైకి చేర్చే ఓపిక లేక పాత యజమానులు దాన్ని అక్కడే వదిలి వెళ్లారు. కొత్త యజమాని నాకు ఫోన్ చేసినప్పుడు అన్న మొదటి మాటను నేను నోట్‌బుక్‌లో ఉన్నదున్నట్టు రాసుకున్నాను: “అన్నగారూ, ప్లగ్గు పెట్టి చూశామండీ. దీపాలు వెలిగాయి. బాగానే ఉందే అనుకునేలోపు కింద నుంచి పొగ వచ్చింది.” ఆ తరువాత యంత్రం నా గ్యారేజీకి వచ్చింది. పని పూర్తయిందని నేను అనుకున్న రోజుకీ, నిజంగా పూర్తయిన రోజుకీ మధ్య రెండు నెలలకు పైగా తేడా ఉంది. ఆ తేడాకు నా పొరపాటే కారణం కాబట్టి ఈ కేసును వివరంగా రాస్తున్నాను.

యంత్రం

ఇది బాలీ సంస్థ 1977లో విడుదల చేసిన ‘ఎయిట్ బాల్’. ఆట రూపకర్త జార్జ్ క్రిస్టియన్, బొమ్మలు గీసినవారు పాల్ ఫారిస్. బిలియర్డ్స్ బల్ల మీది ఆటను ప్లేఫీల్డ్ (బంతి దొర్లే వాలు చెక్క) మీదికి తెచ్చారు: ఒకటో, మూడో ఆటగాళ్లు 1 నుంచి 7 వరకు ఉన్న బంతులను, రెండో, నాలుగో ఆటగాళ్లు 9 నుంచి 15 వరకు ఉన్నవాటిని కొట్టి వెలిగించుకోవాలి, ఆ తరువాత ఎనిమిదో నంబరు బంతిని కొట్టాలి. న్యూయార్క్ నగరం 1942లో పెట్టిన పిన్‌బాల్ నిషేధాన్ని 1976లో ఎత్తివేసింది. ఈ యంత్రం వచ్చింది ఆ మరుసటి ఏడాదే. మొత్తం 20,230 యంత్రాలు తయారయ్యాయి. 1992లో మరో యంత్రం స్వల్ప తేడాతో దాటేవరకు ఆ సంఖ్యే రికార్డుగా నిలిచింది.

ఈ సంఖ్యను ఊరికే చెప్పడం లేదు. ఇరవై వేలకు పైగా తయారైన యంత్రం అపురూప వస్తువు కాదు. దాని విడిభాగాలు నేటికీ కొత్తవి దొరుకుతాయి, సర్క్యూట్ పటాలు దొరుకుతాయి, ప్రతి లోపమూ ఎవరికో ఒకరికి ఎదురైనదే. అందువల్ల దీన్ని మ్యూజియం వస్తువులా గాజు వెనుక దాచవలసిన అవసరం లేదు. ఆడడానికి పనికివచ్చేలా చేయడమే న్యాయం. అయితే ఎంతవరకు పాతదాన్ని ఉంచాలి, ఎక్కడ కొత్తది పెట్టాలి అన్న ప్రశ్న ప్రతి అడుగులోనూ ఎదురవుతుంది. యజమానికి నేను మొదటే చెప్పిన షరతు ఇది: తీసేసిన ప్రతి భాగమూ సంచిలో పెట్టి యంత్రం లోపలే ఉంచుతాను, తిరిగి వెనక్కి మార్చలేని పని ఏదైనా చేయాలంటే ముందు ఆయనను అడుగుతాను.

అంతకు ముందు తరం యంత్రాలలో లెక్కలన్నీ రిలేలు, మెట్లుమెట్లుగా తిరిగే స్టెప్పర్ చక్రాలు, స్కోర్ మోటారు చేసేవి. బాలీ మైక్రోప్రాసెసర్ వైపు మళ్లిన ఏడాది 1977. కాబట్టి ఈ యంత్రంలో ఒక కాలు పాత కాలంలోనూ మరో కాలు కొత్త కాలంలోనూ ఉంది. స్కోరు చూపేవి వాయువుతో నారింజ రంగులో వెలిగే ఆరంకెల గాజు డిస్‌ప్లేలు. మోత మాత్రం కాయిల్ కొట్టే లోహపు గంటలది. వెనుక పెట్టెలో ప్రధానంగా నాలుగు బోర్డులుంటాయి: ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఏసీని డీసీగా మార్చే రెక్టిఫైయర్ బోర్డు, ఆటను నడిపే మోటరోలా 6800 ప్రాసెసర్ ఉన్న ఎంపీయూ బోర్డు, కాయిల్‌లను (సోలినాయిడ్లను) నడిపే సోలినాయిడ్ డ్రైవర్ బోర్డు, దీపాలను నడిపే ల్యాంప్ డ్రైవర్ బోర్డు. ఎంపీయూ మీద ముద్రించిన సంఖ్య ఏఎస్-2518-17.

పొగ ఎక్కడిది

పాత యంత్రానికి చూడకుండా పవర్ ఇవ్వకూడదని నేను ఎన్నిసార్లు చెప్పినా, ఎవరూ పవర్ ఇచ్చే ముందు ఫోన్ చేయరు, ఇచ్చిన తరువాతే చేస్తారు. ప్లేఫీల్డ్ ఎత్తి చూడగానే పొగ సంగతి తేలిపోయింది. బంతి తాకగానే దాన్ని తన్నే మూడు పాప్ బంపర్లలో ఒకదాని కాయిల్ మీది కాగితం మాడి గోధుమ రంగులోకి మారింది, లోపలి ప్లాస్టిక్ గొట్టం కరిగి ఇనుప ప్లంజర్‌ను పట్టేసింది. పక్క బంపర్ కాయిల్ 10 ఓములకు కాస్త పైన చూపగా ఇది 3 ఓముల లోపు చూపింది. అంటే ఎనామెల్ కాలి చుట్లు ఒకదానితో ఒకటి కలిసిపోయాయి.

కాయిల్ తనంతట తాను కాలదు. దాన్ని నడిపే ట్రాన్సిస్టర్ షార్ట్ అయితే, యంత్రం ఆన్ చేసిన క్షణం నుంచి కాయిల్‌కు 43 వోల్టులు నిరంతరంగా అందుతాయి. ఒక్క క్షణం లాగి వదలడానికి చుట్టిన కాయిల్ అది. నిమిషాల పాటు 4 ఆంపియర్లు మోయలేదు. సోలినాయిడ్ బోర్డు తీసి మల్టీమీటర్‌తో చూస్తే ఆ ట్రాన్సిస్టర్ రెండు వైపులా సున్నాకు దగ్గరగా చూపింది. ఇలాంటి సందర్భం కోసమే ప్లేఫీల్డ్ కింద 1 ఆంపియర్ స్లో-బ్లో ఫ్యూజు ఉంటుంది. ఆ ఫ్యూజు ఉంది గానీ దాని చుట్టూ సిగరెట్ పెట్టెలోని వెండి రంగు కాగితం చుట్టి ఉంది. ఎప్పుడో ఎవరో ఫ్యూజు పోతూనే ఉందని విసిగి, కారణం వెతకకుండా దాన్ని కాగితంతో దాటించారు. చివరకు కాయిల్ నిరోధం బాగా పడిపోయి కరెంటు పెరిగాక, రెక్టిఫైయర్ బోర్డు మీది 5 ఆంపియర్ల ఫ్యూజు కాలిపోయి ఇంటిని కాపాడింది. పాత యంత్రాలలో నేను చూసిన నష్టాలలో వయసు చేసినదానికన్నా ఇలాంటి తొందరపాటు మరమ్మతు చేసినదే ఎక్కువ.

ట్రాన్సిస్టర్ స్థానంలో టిప్-102 వేశాను. కాయిల్, దాని గొట్టం, దానికి అడ్డంగా ఉండే 1ఎన్4004 డయోడు మూడూ కొత్తవే. డయోడును మరిచిపోయేవారు చాలామంది. కాయిల్ ఆగిన క్షణంలో వెనక్కి తన్నే వోల్టేజీని అదే మింగుతుంది. అది తెగి ఉంటే కొత్త ట్రాన్సిస్టర్ కూడా మొదటి సాయంత్రమే పోతుంది. అసలు పాత ట్రాన్సిస్టర్ పోవడానికి అదే కారణమై ఉంటుందని నా అనుమానం, ఎందుకంటే ఆ డయోడు ఒక కాలు విరిగి వేలాడుతూ ఉంది.

పవర్ ఇచ్చిన వరుస

అన్ని బోర్డుల కనెక్టర్లు పీకేసి, రెక్టిఫైయర్ బోర్డు ఒక్కదానికే పవర్ ఇచ్చాను. పరీక్షా బిందువుల వద్ద సోలినాయిడ్ల 43, డిస్‌ప్లేల 230, లాజిక్ కోసం 11.9, ప్లేఫీల్డ్ దీపాల 5.4 వోల్టులు రావాలి. లోడు లేనందువల్ల అన్నీ కొంచెం ఎక్కువగా వచ్చాయి, అది సహజం. సాధారణ దీపాల కనెక్టర్ మాత్రం వేడికి మాడి గోధుమ రంగుకు తిరిగి ఉంది. ఆ దారిలో 20 ఆంపియర్ల ఫ్యూజు ఉంటుందంటే ఎంత కరెంటు పోతుందో ఊహించవచ్చు. పిన్నులు, టెర్మినల్స్ రెండూ మార్చాను. ఒక వైపే మార్చితే పాత వైపు కొత్త వైపును కూడా పాడు చేస్తుంది. ఈ మాట నాకు బాగా తెలుసు, నోట్‌బుక్‌లో కూడా రాసి ఉంది. రెండు నెలల తరువాత జరిగినదాన్ని చదివేటప్పుడు పాఠకులు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

తరువాత సోలినాయిడ్ డ్రైవర్ బోర్డు. 5 వోల్టుల సరఫరా, డిస్‌ప్లేల 190 వోల్టుల సరఫరా రెండూ తయారయ్యేది ఈ బోర్డులోనే. నలభై ఏళ్లు దాటిన పెద్ద ఫిల్టర్ కెపాసిటర్‌ను తీసి 15,000 మైక్రోఫారడ్, 25 వోల్టుల కొత్తది పెట్టాను. దాని రుణ ధ్రువాన్ని బోర్డు వెనుక గ్రౌండ్‌తో నేరుగా కలుపుతూ ఒక చిన్న తీగ వేశాను. ఈ బోర్డులో గ్రౌండ్ కనెక్టర్ పిన్నుల మీదుగా తిరిగి రావలసి ఉంటుంది, పిన్ను వదులైతే 5 వోల్టులు వణుకుతాయి. ఈ రంగంలో పనిచేసేవారందరూ చేసే మార్పే ఇది, కోరుకుంటే తీసేయవచ్చు. 190 వోల్టుల భాగం దగ్గర మాత్రం చెయ్యి జేబులో పెట్టుకోవడం మంచిది. ప్లగ్గు తీసిన తరువాత కూడా అక్కడి కెపాసిటర్ ఛార్జిని పట్టి ఉంచుతుంది. నేను రెసిస్టరుతో దాన్ని ఖాళీ చేసి, మీటరుతో సున్నా చూసుకున్నాకే ముట్టుకున్నాను. డిస్‌ప్లేల సరఫరాను 190 నుంచి 170 వోల్టులకు తగ్గించాను. కాంతి పెద్దగా తగ్గదు, గాజు గొట్టాల ఆయుష్షు పెరుగుతుంది.

ఎంపీయూ బోర్డు

అసలు కష్టం ఇక్కడే. ఈ బోర్డు మీద 3.6 వోల్టుల నికెల్-కాడ్మియం బ్యాటరీ టంకం వేసి ఉంటుంది. అత్యధిక స్కోరును, క్రెడిట్లను, లెక్కలను 5101 అనే చిన్న మెమరీ చిప్‌లో కాపాడడానికే అది ఉంది; ఆట నడవడానికి దాని అవసరం లేదు. ఆట నియమాల ఎంపికలు కూడా దాని మీద ఆధారపడవు, బోర్డు మీది 32 చిన్న స్విచ్‌ల మీద ఆధారపడతాయి. అంటే ఒక స్కోరును గుర్తుపెట్టుకోవడం కోసం పెట్టిన బ్యాటరీ, నలభై ఏళ్ల తరువాత బోర్డునే తినేసింది. బోర్డు కింది మూల అంతా చిలుము పట్టి పచ్చగా, టంకం బూడిద రంగులో పొడిపొడిగా ఉంది. ప్రాసెసర్‌ను సరైన సమయంలో విడుదల చేసే రీసెట్ భాగం ఆ మూలలోనే ఉండడం ఈ డిజైన్‌లోని దురదృష్టం.

ఇక్కడ యజమానికి రెండు దారులు చెప్పాను. కొత్తగా తయారైన ప్రత్యామ్నాయ బోర్డు కొని బిగించడం ఒకటి. అది నమ్మదగినది, బ్యాటరీ ఉండదు, అరగంట పని. పాత బోర్డును బాగుచేయడం రెండోది. గంటలు పడతాయి, ఫలితానికి హామీ లేదు. రాగి దారులు మూలను దాటి చిప్‌ల కిందికి చాలా దూరం తినబడి ఉంటే నేనే మొదటి దారిని పట్టుబట్టి ఉండేవాణ్ని. బ్యాటరీ తీసి చూస్తే తుప్పు బొటనవేలు వెడల్పు మేర మాత్రమే ఉంది. ఆయన రెండోదే ఎంచుకున్నారు. “పోతే పోయింది, అప్పుడు కొత్తది కొందాం” అన్నారు. ఇలాంటి యజమాని దొరకడం అదృష్టమే.

నికెల్-కాడ్మియం బ్యాటరీ నుంచి కారేది క్షారం. దాన్ని విరవడానికి ఆమ్లం కావాలి, అంటే వంటింటి తెల్ల వెనిగర్ చాలు. కార్ల బ్యాటరీ అలవాటుతో వంటసోడా నీళ్లు పోసేవారు ఉన్నారు; అది క్షారం మీద క్షారం పోయడం, అక్కడ బుడగలు రాకపోవడమే అందుకు సాక్ష్యం. ముందు ఆ మూలలోని రెసిస్టర్లు, ట్రాన్సిస్టర్లు, జీనర్ డయోడు, కనెక్టర్ పిన్నుల వరుస అన్నీ తీసేశాను, ఎందుకంటే క్షారం భాగాల కాళ్ల కింద దాక్కుంటుంది. ఆపైన గరుకు కాగితంతో రాగి ఎర్రగా మెరిసేదాకా రుద్ది, సగం నీళ్లు కలిపిన వెనిగర్‌ను పాత టూత్‌బ్రష్‌తో పూసి, కొద్ది నిమిషాలు ఆగి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో నీటిని లాగేసి, ఒక రాత్రి ఫ్యాను గాలికి ఆరబెట్టాను. మర్నాడు బయటపడిన రాగి మీద పలుచగా టంకం పూసి కొత్త భాగాలు వేశాను.

బోర్డును యంత్రంలో పెట్టకుండా బల్ల మీదే, పాత కంప్యూటర్ పవర్ సప్లై నుంచి 5, 12 వోల్టులు ఇచ్చి పరీక్షించాను. ఈ బోర్డు తన ఆరోగ్యాన్ని తానే చెబుతుంది. బోర్డు మీద ఉన్న చిన్న ఎల్ఈడీ మొదట ఒకసారి మినుకుమని, తరువాత ఏడుసార్లు వెలగాలి. ఒక్కో వెలుగూ ఒక్కో పరీక్ష నెగ్గినట్టు: మొదటిది ఆట ప్రోగ్రాం ఉండే రోమ్ చిప్‌లు, రెండోది 6810 మెమరీ, మూడోది 5101 మెమరీ, నాలుగు, ఐదు ప్రాసెసర్‌ను మిగతా భాగాలతో కలిపే రెండు పీఐఏ చిప్‌లు, ఆరోది డిస్‌ప్లేలకు లయ అందించే 555 టైమర్, ఏడోది 43 వోల్టుల సరఫరా వస్తున్నట్టు. బల్ల మీద 43 వోల్టులు ఉండవు కాబట్టి ఆరు వెలుగులు వస్తే పూర్తి విజయమే.

నా బోర్డు ఎల్ఈడీ వెలిగి, అలాగే ఉండిపోయింది. మినుకు కూడా లేదు.

ఇలా వెలిగి ఆగిపోతే ప్రాసెసర్ పని మొదలుపెట్టలేదని అర్థం. రోమ్ చిప్‌ల మీద అనుమానపడి వాటిని మార్చడం ఈ దశలో అందరూ చేసే పని, నేను కూడా ఒక సాయంత్రం దానికే పోగొట్టుకున్నాను. మర్నాడు బుద్ధి తెచ్చుకుని 6800 చిప్ 40వ కాలు వద్ద మీటరు పెట్టాను. అది రీసెట్ కాలు. పవర్ స్థిరపడిన తరువాత 5 వోల్టులకు చేరాలి. అర వోల్టు దగ్గరే ఆగింది. అంటే ప్రాసెసర్‌ను ఇంకా ఎవరో గొంతు పట్టుకుని ఆపుతున్నారు. రీసెట్ భాగంలో అన్నీ కొత్తవే వేశాను కదా అని భాగాలను వదిలి, దారులను ఒక్కొక్కటిగా కొలిచాను. బోర్డు పై పొర నుంచి కింది పొరకు పోయే రంధ్రం ఒకటి, చూడడానికి నిగనిగలాడుతున్నా, లోపల రాగి పూత తినేసి ఉంది. సన్నని తీగను రంధ్రంలో దూర్చి రెండు వైపులా టంకం వేయగానే మినుకు వచ్చింది, ఒక వెలుగు, రెండో వెలుగు వచ్చాయి. మూడోది రాలేదు.

రెండు వెలుగుల తరువాత ఆగితే తప్పు 5101దే. ఇది నాకు సంతోషమే కలిగించింది. పాత చిప్ స్థానంలో సాకెట్ వేసి, పవర్ లేకపోయినా మరిచిపోని కొత్త రకం మెమరీ మాడ్యూల్‌ను అందులో గుచ్చాను. దాంతో బ్యాటరీ అవసరమే పోయింది. మూడు పెన్సిల్ సెల్లుల డబ్బాను తీగలతో దూరంగా వేలాడదీసే పద్ధతి కూడా ఉంది, అయితే అందులో మామూలు సెల్లులు వేస్తే బోర్డు వాటిని ఛార్జి చేయకుండా అడ్డు డయోడు పెట్టాలి, పైగా ఆ సెల్లులూ ఒకనాడు కారేవే. బల్ల మీద ఆరు వెలుగులు వచ్చాయి.

బోర్డును యంత్రంలో బిగించాక ఏడోది రాలేదు. రెక్టిఫైయర్ బోర్డు వద్ద 43 వోల్టులు నిక్షేపంగా ఉన్నాయి. ఎంపీయూ మీద మూడో పరీక్షా బిందువు వద్ద 21.5 ఉండవలసింది 4 మాత్రమే ఉంది. ఎంపీయూకు పవర్ తెచ్చే జే4 కనెక్టర్ ఆడ భాగంలో ఆ టెర్మినల్ పచ్చగా మారి పిన్నును అంటీ అంటనట్టు తాకుతోంది. ఆ కనెక్టర్‌లోని టెర్మినల్స్ అన్నీ కత్తిరించి కొత్తవి క్రింప్ చేశాను (తీగ మీద నొక్కి బిగించాను). తీగ చివర్లు నల్లగా ఉన్నాయి. రెండు సెంటీమీటర్లు వెనక్కి కోస్తే నలుపు కొంత తగ్గినట్టు కనిపించింది, అంతటితో ఊరుకున్నాను. ఏడో వెలుగు వచ్చింది, గంటలు మోగాయి, డిస్‌ప్లేల మీద సున్నాలు వెలిగాయి.

ప్లేఫీల్డ్, గాజు

యాంత్రిక పనిలో ఒక్క విషయమే ప్రత్యేకంగా చెప్పాలి. ప్లేఫీల్డ్ కింద బ్లేడు స్విచ్‌లు పదుల సంఖ్యలో ఉంటాయి, వాటి మొనలకు పలుచని బంగారు పూత ఉంటుంది. అవి మోసేది చిటికెడు కరెంటు. వాటి మీద ఆకురాయి పెడితే పూత పోతుంది, ఆపైన ఎన్నటికీ సరిగా పనిచేయవు. విజిటింగ్ కార్డు ముక్కను మొనల మధ్య పెట్టి, మెల్లగా నొక్కి లాగితే చాలు. ఫ్లిప్పర్ కదలిక చివర తెరుచుకునే స్విచ్ కథ దీనికి సరిగ్గా తలకిందులు. ఫ్లిప్పర్ కాయిల్‌లో రెండు చుట్లు ఉంటాయి. ఇందులోని కాయిల్ మీద 25-500, 34-4500 అని రాసి ఉంది, అంటే కొట్టడానికి 25 గేజ్ తీగ 500 చుట్లు, ఎత్తి పట్టుకోవడానికి 34 గేజ్ తీగ 4500 చుట్లు. ఫ్లిప్పర్ పైకి లేవగానే ఆ స్విచ్ తెరుచుకుని సన్నని చుట్టును కూడా దారిలోకి తేవాలి, లేకుంటే లావు చుట్టు కాలిపోతుంది. అక్కడ పోయే కరెంటు పెద్దది, మొనలు టంగ్‌స్టన్‌వి, వాటిని ఆకురాయితో రుద్దవలసిందే. కాయిల్ గొట్టాలలో నూనె వేయకూడదు. నూనె దుమ్మును పట్టి బంకగా మారుతుంది. ఈ యంత్రంలో ఎవరో ధారాళంగా వేశారు, రెండు గంటలు దాన్ని తుడవడానికే పోయాయి.

ప్లేఫీల్డ్ చెక్క మీద రంగు, బంతి దొర్లే ప్రధాన దారిలో రెండు చోట్ల చెక్క కనిపించేదాకా అరిగింది. చాలామంది ఇక్కడ రంగు దిద్ది, కార్లకు కొట్టే రెండు భాగాల క్లియర్ కోటు కొట్టించి అద్దంలా మెరిపిస్తారు. చూడడానికి అద్భుతంగా ఉంటుంది. నాకు నచ్చదు. అలా మెరిసే ఉపరితలం మీద బంతి 1977లో దొర్లినట్టు దొర్లదు, పైగా ఆ పని వెనక్కి మార్చలేనిది. అందులోని ఐసోసైనేట్ ఆవిరికి తగిన మాస్కు, గాలి సరఫరా లేకుండా గ్యారేజీలో కొట్టడం ఆరోగ్యానికి కూడా ప్రమాదం. నేను నాఫ్తాతో మురికి తీసి, అరిగిన చోట్ల అంచులను మాత్రం పలుచగా సీలు చేసి, కార్నౌబా మైనం పట్టించాను. పాత బంతి గుంటలు పడి ఉంది, అలాంటి బంతి ప్లేఫీల్డ్ మీద గరుకు కాగితమే. 80 గ్రాముల కొత్త ఉక్కు బంతి పెట్టాను.

వెనుక పెట్టె ముందుభాగంలోని బ్యాక్‌గ్లాస్ బొమ్మ గాజు వెనుక వైపు ముద్రించిన రంగు. వెనుక దీపాల వేడికి ఎండి రేకులుగా లేస్తుంది. దాన్ని తుడవకూడదు, తుడిస్తే బొమ్మ గుడ్డకు అంటుకుని వస్తుంది. ఊడిపోయిన రంగును తిరిగి వేయకుండా, మిగిలినది నిలిచేలా వెనుక పారదర్శక పూత కొట్టాను. దీపాలు 0.25 ఆంపియర్ల 44 నంబరువి ఉంటే తీసి 0.15 ఆంపియర్ల 47 నంబరువి పెట్టాను. వేడి తగ్గుతుంది, కాంతి రంగు మారదు. యజమాని పిల్లలు ఎల్ఈడీలు అడిగారు. ఈ తరం బాలీ యంత్రాలలో ప్లేఫీల్డ్ దీపాలను ఎస్‌సీఆర్‌లు (ఒక రకం సెమీకండక్టర్ స్విచ్‌లు) నడుపుతాయి. ఎల్ఈడీ లాగే కొద్ది కరెంటుకు ఎస్‌సీఆర్ నిలిచి ఉండలేక మినుకుతుంది, దానికి ప్రతి దీపానికీ అదనపు రెసిస్టరు కావాలి. అది విన్నాక వారే వద్దన్నారు.

తిరిగి వచ్చిన లోపం

యంత్రం ఇంటికి వెళ్లిన తొమ్మిది వారాల తరువాత ఫోన్ వచ్చింది. ఆట మధ్యలో స్కోరు ఆగిపోతోంది, ఆపి ఆన్ చేస్తే ఒకసారి వస్తోంది, ఒకసారి రావడం లేదు. నేను వెళ్లేసరికి, అలవాటు ప్రకారం, ఏడు వెలుగులూ వచ్చి చక్కగా ఆడింది. గంట తరువాత, నేను కాఫీ తాగుతుండగా, ఆగిపోయింది.

వచ్చి పోయే లోపం కన్నా పూర్తిగా చచ్చిన బోర్డు నయం. మొదట ప్రాసెసర్ సాకెట్‌ను అనుమానించాను, చిప్ తీసి కాళ్లు తుడిచి మళ్లీ పెట్టాను. ఫలితం లేదు. నేను బాగుచేసిన రీసెట్ భాగం మీద అనుమానం మళ్లింది; నా పని మీద నాకే నమ్మకం పోయిన గంట అది. చివరకు యంత్రం ఆగి ఉన్నప్పుడు 5 వోల్టులను రెండు చోట్ల కొలిచాను. సోలినాయిడ్ బోర్డు వద్ద 5.02. ఎంపీయూ వద్ద 4.61. ఈ చిప్‌లకు 4.75కు తగ్గకూడదు. రెండు బోర్డుల మధ్య ఉన్నది జాన కన్నా కొంచెం పొడవైన తీగ, రెండు కనెక్టర్లు. అంత చిన్న తీగ మీద 0.4 వోల్టు పోవడానికి వీల్లేదు.

జే4 నుంచి పోయే 5 వోల్టుల తీగను నిలువునా చీల్చాను. పైన ప్లాస్టిక్ తొడుగు కొత్తదానిలా ఉంది. లోపల రాగి పోగులు కనెక్టర్ నుంచి దాదాపు పన్నెండు సెంటీమీటర్ల వరకు బొగ్గులా నల్లగా ఉన్నాయి, వేలితో నలిపితే కొన్ని పొడిగా రాలాయి. బ్యాటరీ నుంచి కారిన క్షారం పిన్ను మీదుగా టెర్మినల్‌లోకి, అక్కడి నుంచి వత్తిలోకి నూనె ఎక్కినట్టు పోగుల మధ్యకు ఎక్కింది. నేను రెండు సెంటీమీటర్లు కోసి కొత్త టెర్మినల్ క్రింప్ చేసింది ఆ నల్ల పోగుల మీదే. క్రింప్ మొదట పట్టింది, బేస్‌మెంట్ తేమకు మిగిలిన క్షారం తన పని కొనసాగించింది, నిరోధం రోజురోజుకూ పెరిగింది. బోర్డు మీద రాగి ఎర్రబడేదాకా రుద్దినవాణ్ని, తీగ విషయంలో “కొంత తగ్గినట్టు” కనిపించడంతో సరిపెట్టుకున్నాను. ఆ కనెక్టర్‌లోని గ్రౌండ్ తీగలు రెండు కూడా అదే స్థితిలో ఉన్నాయి.

జే4లోని తీగలన్నీ అవతలి కనెక్టర్ వరకు పూర్తిగా తీసేసి, అదే రంగుల కొత్త తీగలు వేశాను. రంగులు కలవని చోట రెండు కొసలకూ పాత రంగు పేరు రాసిన చీటీ అంటించాను, ఎందుకంటే తరువాత పటం చూసి పనిచేసేవారికి రంగే దారి చూపుతుంది. పని అయ్యాక సోలినాయిడ్ బోర్డు వద్ద 5.02, ఎంపీయూ వద్ద 4.98 చూపింది. ఈ రెండో విడత పనికి డబ్బు తీసుకోలేదు. బ్యాటరీ కారిన బోర్డు ఏది చేతికొచ్చినా ఇప్పుడు ముందు కనెక్టర్ తీగల తొడుగు చీల్చి, రాగి మెరిసే చోటు దొరికేదాకా కోస్తున్నాను. అంత పొడవు మిగలకపోతే తీగ మొత్తం మారుస్తున్నాను. బేస్‌మెంట్‌లో డీహ్యూమిడిఫైయర్ పెట్టమని యజమానికి చెప్పాను.

ఆయన ఒక ప్రశ్న అడిగారు: ఎప్పుడైనా దీన్ని హైదరాబాద్ తీసుకెళ్తే ఆడుతుందా అని. ట్రాన్స్‌ఫార్మర్ మొదటి చుట్టుకు వేర్వేరు వోల్టేజీల టంకపు కొసలు ఉంటాయి. జంపర్లను 230కు మార్చి, మెయిన్ ఫ్యూజు విలువను సగానికి తగ్గిస్తే ఆడుతుంది. దాని రవాణా ఖర్చు మాత్రం యంత్రం ధరను దాటవచ్చునని కూడా చెప్పాను.

ఇప్పటికి ఏడాది గడిచింది. మొన్న వెళ్లి కొలిస్తే ఎంపీయూ వద్ద 4.97 ఉంది. నాలుగో ఆటగాడి డిస్‌ప్లేలో చివరి అంకె అంచులు మసకబారుతున్నాయి. గాజు లోపలి వాయువు పాడవుతోంది, దానికి మరమ్మతు లేదు. అది పూర్తిగా ఆరిపోయేదాకా ఉంచమని యజమాని అన్నారు, ఎలాగూ ఆ ఇంట్లో నలుగురు కలిసి ఆడడం అరుదు. మాడిన కాయిల్, పాత ట్రాన్సిస్టర్, చీల్చిన నల్ల తీగ, వెండి కాగితం చుట్టిన ఫ్యూజు ఒక సంచిలో, కొలతల పట్టీతో పాటు, నాణేల పెట్టె పక్కన ఉన్నాయి.